అద్దెకివ్వబడును: ఎవరికి?



విశాఖపట్టణమునుండి యొక సోదరి నాకు దీర్ఘమైన లేఖ వ్రాసినారు. వారి మేడమీద రెండుగదుల వాటా యొకటి ఖాళీగా నున్నది. వీథితలుపునకు బోర్డు గట్టిన నాలుగవ దినమున ఇద్దఱు యువతులు వచ్చి చూచుకొనిరి. ఒకతె అరకుప్రాంతపు గిరిజన కుటుంబమున బుట్టి, చదువుకొని, ఆసుపత్రిలో నర్సుగా పని చేయుచున్నది. రెండవ యామె దుకాణమున లెక్కలు వ్రాయును. అద్దెకు ఒప్పుకొనిరి, అడ్వాన్సు నిచ్చుటకు సిద్ధపడిరి. ఇంతలో పొరుగింటి యిల్లాలు వచ్చి, "వీరు వట్టి స్నేహితురాండ్రు గారు. ఆలుమగలవలె కలిసి కాపురము చేయువారు. సంగతి తెలిసి మునుపటి యింటివారు ఖాళీ చేయించిరి" అని చెప్పినదట.

ఆ సోదరి ప్రశ్నలు రెండు. "ఇల్లు నాది గదా, కాదనుటకు నాకు హక్కు లేదా?" యనునది మొదటిది. "ఇట్టివారు అరకువంటి చల్లని కొండప్రదేశమున, అద్దె తక్కువగా నుండు చోట, ఎవరి కంటను బడక బ్రదుకవచ్చును గదా? మా నడుమ నేల?" యనునది రెండవది.

లేఖలో ద్వేషము లేదు, భయమున్నది. కావున కోపపడక, తొందరపడక, సమాధానము చెప్పవలెను. ఈ ప్రశ్న ఒక్క యింటిదియు గాదు. వాటా లద్దెకిచ్చి ఆ సొమ్ముతో పిల్లల ఫీజులు గట్టుకొను ఇల్లాండ్రు మనలో పెక్కురు గలరు. ఎవరిని రానీయవలె, ఎవరిని రానీయరాదు అను నిర్ణయము తఱచుగా వారిదే.

ముందు మాటలను సరిచూచుకొందము. స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుని ప్రేమించి జతగూడుట యొకటి. పుట్టినప్పుడు ఆడబిడ్డ యనియో మగబిడ్డ యనియో పదుగురు చెప్పినదానికి భిన్నముగా తన్ను దా నెఱుగుట మఱియొకటి. ఈ రెండవ వర్గమువారిని ట్రాన్స్‌జెండరు వ్యక్తు లందురు. హిజ్రా సంప్రదాయమున జేరినవారును వీరిలోనివారే. అందఱిని గలిపి ఎల్.జి.బి.టి. యను పొడిపేరు నేడు పత్రికలలో కనబడుచున్నది. ఇది రోగము గాదు, పెంపకపు దోషము గాదు, ఒకరినుండి యొకరికి అంటునది గాదు. ప్రపంచారోగ్యసంస్థ 1990లోనే స్వలింగప్రేమను రోగముల పట్టికనుండి తొలగించినది. వెక్కిరింతకై వాడు తిట్టుమాటలు మన యిండ్లలో వినబడకుండ జూచుట మొదటి మర్యాద.

ఇక కొండల సంగతి. రెండవ ప్రశ్నయే యైనను దానినే ముందు విచారింతము.

అరకులోయ విశాఖకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున, సముద్రమట్టమునకు దాదాపు తొమ్మిదివందల మీటర్ల యెత్తున నున్నది. కొత్తవలసనుండి కిరండూలు పోవు రైలులో సొరంగములు దాటుచు వెళ్లి, బొర్రాగుహలను, కాఫీతోటలను, పసుపు పఱచినట్లుండు వలిసెపూల చేలను చూచివచ్చినవారికి అది స్వర్గమువలె దోచుట సహజము. కాని చలికాలపు సెలవులలో అచ్చట లాడ్జిగది అద్దె యడిగినవారికి, అది చౌకయైన చోటు గాదనియు దెలియును.

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. అరకు, పాడేరు, చింతపల్లి మొదలైన మన్యభూములు రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు క్రిందికి వచ్చును. 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపఱచిరి. జనులు దానినే "వన్ ఆఫ్ సెవెంటీ" యందురు. దాని ప్రకారము అచ్చటి భూమిగాని యిల్లుగాని గిరిజనేతరుల చేతికి బోరాదు. క్రయము, దానము, తాకట్టు, కౌలు అన్నియు నా నిషేధములోనివే. గిరిజనేతరుడు తన చేతిలోని భూమిని మఱియొక గిరిజనేతరునకు సైతము అమ్మరాదు. అనంతగిరి మండలములోని గనుల కౌళ్లను గుఱించి సమత యను సంస్థ వ్యాజ్యము నడుపగా, 1997 జులై 11వ తేదీన సుప్రీంకోర్టు, ప్రభుత్వము గూడ అట్టి భూమిని గిరిజనేతరులకు గనులకొఱకు కౌలుకీయరాదని తీర్పు చెప్పినది.

ఇంత కఠినమేల యని మీరడుగవచ్చును. అప్పులిచ్చి, వడ్డీ పెంచి, వ్రేలిముద్రలు వేయించుకొని, కొండవారి పొలములను కాజేసిన చరిత్ర పెద్దది. కొండదొరలు, భగతలు, వాల్మీకులు, కోదులు, పోర్జలు, గదబలు తమ తాతల నేలమీదనే కూలివాండ్రు గాకుండ జేయుటకే ఈ నిబంధన పుట్టినది. అది బలహీనుల రక్షణకై మూసిన తలుపు. పట్టణమున మనము కాదన్నవారిని కొండమీదికి బొమ్మనుట, మన బరువును మనకంటె పేదవారి నెత్తిన బెట్టుటయే యగును. వచ్చినవారికిని అచ్చట స్థిరమైన నీడ దొరకదు.

ఆ నర్సు కొండబిడ్డయే గదా, ఆమె వెళ్లవచ్చును గదా యందురేమో. వెళ్లవచ్చును; ఆ నేలమీద ఆమెకు హక్కు గలదు. కాని ఆమె ఉద్యోగము విశాఖలో నున్నది. ఆమెతో నున్న రెండవ యామె గిరిజనేతర యైనచో, ఆమె పేర అచ్చట జానెడు నేల పుట్టదు. "ఎవరి కంటను బడక" యన్న మాటయు సరిగాదు. చిన్నయూరిలో ఉదయమున ఒక యింట కుండ పగిలిన, సాయంకాలమునకు ఊరంతయు నెఱుగును. పదిమందిలో కలిసిపోయి, తన పని తాను జేసికొని, రాత్రి నిశ్చింతగా తలుపు వేసికొనగల చోటు పట్టణమే. ఆ యువతులు పట్టణమును గోరుట వింత గాదు.

పట్టణమున వారి కష్టమెట్టిదో చూతము. పది తలుపులలో తొమ్మిది మూసికొన్నప్పుడు, పదియవ తలుపువాడు చెప్పినదే వెల. ఇతరులకు ఏడువేలకిచ్చు గదిని వీరికి పదివేలనినను, నీళ్లు రాని మూలగది చూపినను, మాఱుమాటాడక ఒప్పుకొనవలసి వచ్చును. ఖరీదైన నగరమున బీదరికమునకు ఈ బహిష్కారము తోడైనప్పుడు ఉద్యోగము సైతము నిలువదు. 2017లో కొచ్చి మెట్రో రైలు సంస్థ ట్రాన్స్‌జెండరు వ్యక్తులను ఇరువదిమందికి పైగా పనిలో జేర్చుకొనగా దేశమంతయు మెచ్చుకొనెను. కొలది దినములలోనే వారిలో కొందఱు పని మానుకొనిరి. పని చేతకాక గాదు; ఇల్లద్దెకిచ్చువారు లేక. లాడ్జీలలో దినమునకు కొన్నివందల రూపాయలు చెల్లించుచు ఎన్నాళ్లుందురు? లెక్క వేసి చూడుడు. దినమునకు 500 రూపాయలైన నెలకు 15,000. జీతమంతయు గదికే చాలదు. ఇక బియ్యమెట్లు కొందురు? కూడుపెట్టు నుద్యోగమును పోగొట్టినది ఆ సంస్థ గాదు, ఇండ్ల తలుపులు.

మన తెలుగుదేశపు కథయు వేఱుగా లేదు. హైదరాబాదు రాజ్యమున ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల చట్టమను పేర నొక శాసనము చేసిరి. నగరమున నివసించు హిజ్రాల పేర్లును, వారి నివాసస్థానములును పట్టికలో నెక్కించి, వారిని దొంగలవలె కనిపెట్టియుండుటకు అది వీలు కల్పించినది. స్త్రీవేషమున వీథిలో గనబడిన వారంటు లేకయే పట్టుకొనవచ్చునట! ఈ శాసనము చెల్లదని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసినది. నూఱేండ్లు కాగితముమీద నిలిచిన ఆ యనుమానము మన మనస్సులనుండి ఒక్కనాటిలో పోవునని నేను చెప్పను. కాని "వారికి ఇల్లిచ్చిన పోలీసులు వత్తురేమో" యను భయము ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనిన, అది కొంత తగ్గును.

ఇప్పుడు మొదటి ప్రశ్న: "ఇల్లు నాది గదా?"

ట్రాన్స్‌జెండరు వ్యక్తుల విషయమున సమాధానము స్పష్టము. 2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు వారి హక్కులను గుర్తించినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, 2020 జనవరి 10వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఇల్లు కొనుటకు, అద్దెకు దీసికొనుటకు, నివసించుటకు గల హక్కు విషయమున వారియెడ భేదము చూపరాదని అందలి మూడవ సెక్షనున వ్రాసిరి. కావున ఆ కారణముచేత కాదనుటకు ఇంటి యజమానురాలికి హక్కు లేదు.

ఇద్దఱు స్త్రీలు జతగా నుండుటను గుఱించి ఆ చట్టము మాటాడదు. కాని వారు చట్టమునకు వెలియైనవారును గారు. స్వలింగ సంబంధమును నేరముగా నెంచిన బ్రిటిషువారినాటి 377వ సెక్షను, ఇష్టపడిన వయోజనుల విషయమున చెల్లదని 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 17వ తేదీన అదే న్యాయస్థానము అట్టివారికి వివాహపు హక్కు నీయజాలమన్నది. అయినను వారి కష్టములను విచారించుటకు సంఘమును నియమింపవలెనన్నది. 2024లో కేంద్రప్రభుత్వము, అట్టి జంట బ్యాంకులో ఉమ్మడిఖాతా తెఱచి ఒకరి నొకరు నామినీగా వ్రాసికొనుటకు అభ్యంతరము లేదనియు, రేషనుకార్డు విషయమున వారిని ఒక్క కుటుంబముగా నెంచవలెననియు తెలియజేసినది. బియ్యపు కార్డు ఒక్క కుటుంబమన్నప్పుడు, మేడమీది వాటా వారిని దొంగలవలె చూచుట యేమి న్యాయము?

కనుక సోదరికి నా సమాధానమిది: ఈ యువతులను కాదన్నచో మిమ్ము కోర్టునకీడ్చు గృహచట్టము లేకపోవచ్చును. అందుచేతనే నిర్ణయము మీ ధర్మబుద్ధిమీద నిలిచియున్నది. వారు అద్దె చెల్లింతురా, ఇల్లు శుభ్రముగా నుంచుదురా, ఇరుగుపొరుగులతో మర్యాదగా నడుచుకొందురా అనునవి మీరు విచారింపవలసినవి. తలుపు వేసికొన్న పిమ్మట వారు ఒకరికొకరేమగుదురో మీరు విచారింపవలసినది గాదు. పెండ్లియైన జంటల కిచ్చునప్పుడు మనమట్లు విచారించుట లేదు గదా!

ఇల్లిచ్చు సోదరీమణులకు కొన్ని సూచనలు వ్రాయుచున్నాను.

మొదటిది: ఉద్యోగము, గుర్తింపుపత్రము, ఎందఱుందురు, ఏ తేదీన అద్దె యిత్తురు అనునవి అడుగుడు. పెండ్లెప్పుడు, మంచములెన్ని, శస్త్రచికిత్స యేదైన జరిగినదా యని అడుగకుడు.

రెండవది: ఇతరులనుండి తీసికొను అద్దెయు అడ్వాన్సుమే వీరినుండియు దీసికొనుడు. 2021లో కేంద్రప్రభుత్వము సిద్ధపఱచిన నమూనా అద్దె చట్టమున, నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని వ్రాసిరి. దానిని కొలబద్దగా నుంచుకొనుడు. ఒకరి నిస్సహాయతకు అద్దె వసూలు చేయుట పాపపు సొమ్ము.

మూడవది: ఒప్పందమున ఇద్దఱి పేర్లును వ్రాయింపుడు. ఒకరికి జబ్బు చేసినను, బదిలీ యైనను, రెండవవారు వీథిని బడరు. మీ అద్దెకును పూచీ యుండును.

నాల్గవది: నెలనెలకు రసీదు నిండు. ఉద్యోగమునకును, బ్యాంకునకును, ప్రభుత్వపు సహాయమునకును నివాసపు ఋజువు కావలసివచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు ఇచ్చు పింఛనును 2024 జులైనుండి నెలకు 4,000 రూపాయలు చేసిరి. చిరునామా లేనివారికి అట్టి సహాయము అందుట కష్టము. మీ రసీదు వారికి ఇంటితోపాటు పేరును గూడ నిచ్చును.

ఐదవది యన్నిటికంటె గొప్పది: వారి సంగతి వారి యూరికి గాని, వారి కచేరీకి గాని మీ నోట బోనీయకుడు. మంచి చేయుచున్నాననుకొని తండ్రికి ఫోను చేసిన యిల్లాలివలన ఒక పిల్ల చదువు, ఉద్యోగము, ఒక్కొక్కప్పుడు ప్రాణము సైతము పోవచ్చును. పొరుగింటివారడిగిన, "వారు మా యింట అద్దెకున్నవారు, నెలనెల సరిగా ఇచ్చుచున్నారు" అని చెప్పి మాట మార్చుడు. మీరు తొణకనిచో పొరుగువారు నెల తిరుగకముందే మఱియొక కబురు వెదకికొందురు.

ఇల్లు వెదకుచున్న చెల్లెండ్రకును ఒక మాట. నగరము నడిబొడ్డున గాక పెందుర్తి, కొత్తవలస వైపునకు బోయినకొలది అద్దె తగ్గును. కాని బస్సు ఖర్చును, రాత్రి డ్యూటీనుండి తిరిగివచ్చు దారిని లెక్కలో వేసికొనుడు. తక్కువ అద్దెకు ఆశపడి చీకటిదారిని బోవుట పొదుపు గాదు. ఇద్దఱి సంపాదనలో అద్దె మూడవపాలు మించకుండ జూచుకొనుడు. సర్టిఫికెట్ల అసళ్లను ఎవరి చేతికిని ఈయకుడు. ముందున్న యింటి యజమానురాలు మంచిదైనచో ఆమెచేత నాలుగు మాటలు వ్రాయించుకొనుడు. క్రొత్తయింట అది పదిమాటల పెట్టు. ఏ నీడయు లేని ట్రాన్స్‌జెండరు వ్యక్తులకై కేంద్రప్రభుత్వము "గరిమా గృహ" మను వసతిగృహములను నెలకొల్పినది. మొదటిది 2020 నవంబరు 25వ తేదీన వడోదరలో ప్రారంభమైనది. ఒక్కొక్కచోట ఇరువదియైదుమందికి చోటు. కోట్ల జనమున్న దేశమున అవి ఏమూలకు వచ్చును? కావుననే మన వాటాల మాట ఇంతగా చెప్పవలసి వచ్చినది.

ఇక తల్లులకు. అద్దెయిల్లు వెదకుచున్న ప్రతి బిడ్డ వెనుకను ఒక పుట్టినిల్లుండును. ఆ యింటి తలుపు ముందు మూసికొన్నందుననే చాలమంది ఈ తలుపులు తట్టుచున్నారు. పైన చెప్పిన 2019 చట్టములోనే పండ్రెండవ సెక్షనున, ట్రాన్స్‌జెండరు బిడ్డకు తలిదండ్రుల యింట నివసించు హక్కు గలదనియు, ఆ యింటి వసతులను ఇతరులతో సమానముగా ననుభవింపవచ్చుననియు వ్రాసిరి. ఇల్లుగాని గ్రామముగాని విడిచిపోవునట్లు బలవంతపెట్టినవారికి ఆఱునెలలకు తక్కువగాక రెండేండ్లవఱకు ఖైదును, జరిమానాను విధింపవచ్చునని పదునెనిమిదవ సెక్షను. కొండమీది కుగ్రామమునకును విశాఖలోని మేడకును ఈ సెక్షను ఒక్కటే.

గెంటివేయుటయే గాదు, బంధించుటయు తప్పే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎదుటికి ఒక వ్యాజ్యము వచ్చినది. విజయవాడలో కలిసి నివసించుచుండిన ఇద్దఱు వయోజన స్త్రీలలో ఒకామెను, మన్యపు వాకిలియైన నర్సీపట్నమున తండ్రి తన యింట నిర్బంధించెనని రెండవ యామె మొఱపెట్టుకొనెను. వయస్సు వచ్చిన స్త్రీకి తాను గోరినవారితో నివసించు హక్కు గలదనియు, తలిదండ్రు లడ్డు రారాదనియు న్యాయమూర్తులు చెప్పిరి. తీర్పు గెలిచిన యా యిద్దఱికిని కావలసినది మన యూళ్లలోనే ఒక గది. న్యాయస్థానము హక్కు నీయగలదు. గది తాళపుచెవి మాత్రము ఏ ఇల్లాలి కొంగుననో యుండును.

మన్యమున భూమిచట్టము తలుపు మూసినది. పట్టణమున 2019 చట్టము తలుపు తెఱచినది. మూసినదియు బలహీనులకొఱకే, తెఱచినదియు బలహీనులకొఱకే. మనము తఱచుగా దీనికి తలక్రిందులుగా నడుచుచున్నాము: కొండవారి తలుపు మనకు తెఱచియుండవలెననియు, మన తలుపు ఇతరులకు మూసియుండవలెననియు గోరుచున్నాము.

విశాఖ సోదరీ! ఆ పిల్లలను మఱల పిలిపింపుడు. అద్దె, నీటి వేళలు, గేటు వేయు సమయము అందఱికి చెప్పినట్లే చెప్పుడు. ఆఱు నెలలు గడచిన పిమ్మట వారెట్టివారో మీకే తెలియును. పొరుగింటి మాటలమీద గాక మీ కంటితో జూచినదానిమీద నిర్ణయించుకొనుడు.

తక్కిన సోదరీమణులు తమ యూళ్లలో ఇట్టివారికి ఇల్లిచ్చిన అనుభవములను, ఇచ్చుటకు వెనుదీసిన కారణములను వ్రాసిపంపిన, పేర్లు వెల్లడింపక వచ్చు సంచికలలో ముచ్చటింతము.